పాటా, ఒప్పందం: ఫిజీ పల్లె చెప్పే చరిత్ర

జానపదమంటే బయటి గాలి సోకనిదని చాలా ఏళ్లు తరగతిలో పాఠం చెప్పాను. ఆ మాట ఎంత పొరపాటో ఫిజీ దీవుల పల్లెపాట గురించి చదివాక తెలిసింది.

పనులు ముగిశాక అక్కడి మగవాళ్లు చాపల మీద గుండ్రంగా కూర్చుంటారు. మధ్యలో తనోవా అనే చెక్కపాత్ర; అందులో యంగోనా వేరుపొడి కలిపిన నీళ్లు. కొబ్బరిచిప్ప చేతులు మారుతుంటుంది. గిటార్లు, ఉకులేలీలు మోగుతుంటాయి. ఒకరు ఎత్తుకున్న పాటను పై గొంతులూ కింది గొంతులూ అందుకుంటాయి. వలపు, ఎడబాటు, సొంత ఊరు - ఇవే పాటకు వస్తువులు. దీని పేరు సింగిండ్రింగి. ఇంగ్లీషులోని ‘సింగ్’, ‘డ్రింక్’ కలిసి ఫిజీ నాలుక మీద ఇలా అయ్యాయంటారు.

ఇందులో ‘స్వచ్ఛమైనది’ ఏది? వాద్యాలు ఓడల్లో వచ్చాయి. గొంతులు కలిపే తీరులో 1835లో దిగిన మెథడిస్టు మిషనరీల కీర్తనల జాడ ఉంది. యంగోనా చుట్టూ కూర్చునే వలయం మాత్రం అంతకన్నా పాతది. వచ్చినదాన్నల్లా ఆ వలయం తనలో కలుపుకుంది.

ఆ వలయం నిలవడానికి భౌతిక కారణం ఉంది. 1874లో ఫిజీ బ్రిటిష్ వలస అయింది. మరుసటి ఏడాది గవర్నరుగా వచ్చిన ఆర్థర్ గోర్డన్ పల్లెల భూమి అమ్మకాన్ని అడ్డుకున్నాడు. పంట రూపంలో పన్ను వసూలు చేశాడు. దొరల పెత్తనాన్ని నిలబెట్టాడు. మరి చెరకుతోటల్లో చాకిరీ ఎవరు చెయ్యాలి? 1879 నుంచి 1916 వరకు సుమారు 60 వేలమందిని భారతదేశం నుంచి అయిదేళ్ల ఒప్పందం మీద తరలించారు. 1903 నుంచి మద్రాసు రేవులో ఎక్కినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ‘అగ్రిమెంట్’ అనే మాట ఆ కూలీల నోట ‘గిర్మిట్’ అయింది.

రెండూ పాలకుల భాష నుంచి వచ్చిన మాటలే. నేల మిగిలినవాళ్ల నోట ఒకటి పాటకు పేరయింది. నేల వదిలినవాళ్ల నోట ఇంకొకటి బానిసత్వానికి పేరయింది.

అలాగని ఆ పల్లెను స్వర్గం చెయ్యనక్కర్లేదు. తొలి చిప్ప దొరకే అందేది. ఆడవాళ్లు ఎక్కువగా వలయం బయటే ఉండేవారు. ఇవాళ అదే పాట హోటళ్లలో యాత్రికులకు స్వాగతం పలికే కూలిపని కూడా అయింది.

వాద్యం ఎక్కడిదని అడగడంతో విమర్శకుడి పని తీరదు. పాట వెనక ఉన్న నేల ఎవరిది? పాడుకునే తీరిక ఎవరికి దక్కింది? ఆ తీరికకు మూల్యం ఎవరు చెల్లించారు? ఇప్పుడు నా విద్యార్థులకు ముందుగా ఈ ప్రశ్నలే నేర్పుతున్నాను.