ఇంట పుట్టిన వస్తుచిత్రకళ

విక్రయవస్తువును కంటికింపుగా అమర్చి ఛాయాచిత్రము తీయుట యనగానే విశాలమైన స్టూడియోయు, విద్యుద్దీపములును, పరిచారకులును మనస్సునకు తోచుట సహజమే గాని, ఈ విద్య చరిత్రను మొదటినుండి పరిశీలించినచో అది పెరిగిన తావులు ఇంటి పెరడులును, వంటయిండ్లును, కిటికీ చెంత బల్లలును అని తేటపడును. తొలినాటి ఛాయాగ్రాహకులు వస్తువులను చేపట్టుటకు కారణము స్పష్టమే. ఆనాటి రసాయనములు వెలుతురును గ్రహించుటకు నిమిషముల కొలది కాలము పట్టుచుండెను. మనుష్యుడు అంతసేపు కదలక కూర్చుండలేడు, పింగాణి కప్పు కూర్చుండగలదు. 1837లో తొలి ఛాయాగ్రాహకులలో ఒకడగు దగేర్ ప్లాస్టరు ప్రతిమలను ఒక మూల కూర్చి తన ఫలకముపై నిలిపినది ఇందువలననే.

ఈ చరిత్రలో మిక్కిలి బోధకమైన ఘట్టము ఇంగ్లండున విల్ట్‌షైరులోని లాకాక్ ఆబీలో జరిగినది. ఆ గృహమునకు యజమానియు శాస్త్రజ్ఞుడును అగు విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1844 మొదలు 1846 వరకు ఆరు భాగములుగా వెలువరించిన ‘ది పెన్సిల్ ఆఫ్ నేచర్’ అను గ్రంథమునందలి 24 చిత్రములలో మూడవది పింగాణి పాత్రలది, నాలుగవది గాజు పాత్రలది. గదిలోని వెలుతురు చాలనందున, అరలను ఆరుబయట నిలిపి, వానిపై పాత్రలను వరుసదీర్చి అతడు చిత్రమును తీసెను. అమ్మకము అతని సంకల్పము కాదు; సొత్తుకు పట్టిక వ్రాసికొను శ్రమను ఒక్క చిత్రము తప్పించుననియు, దొంగ యెవడైన ఆ సొత్తును అపహరించినచో ఆ చిత్రమే న్యాయస్థానమున మూగసాక్షి కాగలదనియు అతని తలంపు. ఐనను, ఆ పనిలో అతడు కనుగొన్న మర్మములు నేటి వర్తకునకును పనికివచ్చునవే. కటకము ముందు చిన్న రంధ్రము గల తెరను ఉంచుట మేలనెను. తెల్లని పింగాణియు గాజును ఒకే చిత్రమున పొసగవనెను. ఏలయన, గాజు రూపము మొదలగు సరికే పింగాణి రూపము పూర్తియై యుండును. నీలవర్ణము తన కాగితముపై ఇంచుమించు తెలుపుతో సమానమైన వేగముతో పనిచేయుననియు, ఆకుపచ్చ మిక్కిలి మందమనియు గుర్తించెను.

ఈ వర్ణాంధత్వము చాలకాలము నిలిచెను. ఎరుపు, పచ్చ సరకులు నల్లబడి వచ్చుచుండగా, 1873లో జర్మను రసాయనవేత్త హెర్మన్ ఫోగెల్ రంగుద్రవ్యములను కలిపి ఫలకము ఆకుపచ్చకు సైతము స్పందించునట్లు చేసినది మొదలు ఆ లోపము క్రమముగ తగ్గెను. శతాబ్ది చివర హాఫ్‌టోను అచ్చువిధానము వ్యాపింపగా పత్రికలలో చెక్కడపు బొమ్మల స్థానమును ఫొటోలు ఆక్రమింపసాగెను. వస్తువు ఉన్నదున్నట్లు కనబడుట అంతతో సాధ్యమైనది. కొనవలెనను కోరిక పుట్టునట్లు కనబడుట యెట్లన్నది మిగిలిన ప్రశ్న.

దానికి ఒక ఉత్తరము న్యూయార్కు నగరమున ఒక ఇంటి వంటగదిలో దొరికెను. 1884లో కెనడాలోని హామిల్టన్‌లో జన్మించిన మార్గరెట్ వాట్కిన్స్, 1914లో క్లారెన్స్ వైట్ స్థాపించిన ఛాయాచిత్ర పాఠశాలలో చదివి, పిదప అచటనే బోధించెను. 1919 ప్రాంతమున ఆమె తన ఇంటి సింకును, అందలి గిన్నెలను, పాలసీసాను, దాని చెంతనున్న కోడిగ్రుడ్లను, వానిపై పడు వెలుగునీడల వంపులే ప్రధానముగ చిత్రించెను. కడుగని గిన్నెలు కళకు తగవని కొందరు ఆక్షేపించిరి. 1921లో వానిటీ ఫెయిర్ పత్రిక ఆమె వంటింటి చిత్రములను ప్రకటించెను. గిన్నె అంచును చూచుటకు అలవడిన ఆ కన్నే పిమ్మట సబ్బునకును, జున్నునకును ప్రకటనచిత్రములు తీసి, మేసీస్ వంటి పెద్ద అంగడికి పనిచేసెను. అదే పాఠశాల విద్యార్థి పాల్ ఔటర్‌బ్రిడ్జ్ 1922లో ఐడ్ కంపెనీవారి తెల్లని కాలరును చదరంగపు గళ్లపై ఒంటరిగ నిలిపి, వస్తువు చుట్టు ఏమియు లేకుండుటయే అలంకారమని చూపెను. వాట్కిన్స్ 1928లో గ్లాస్గోకు పోయి, 1969లో మరణించునాటికి పొరుగువారికి సైతము ఆమె ఛాయాగ్రాహకురాలని తెలియదు; తాను బ్రతికియుండగా తెరవరాదని ఒక పొరుగువాని కిచ్చిన పెట్టెలోనుండి ఆ చిత్రములు మరల వెలుగుచూచెను.

నేడు అమ్మకమునకై ఏటికొప్పాక లక్క బొమ్మను ఇంటి కిటికీ చెంత నిలిపి సెల్‌ఫోనుతో చిత్రించువారికి ఎదురగు చిక్కులు ఈ పాతవే. లక్క నునుపుపై కిటికీ వెలుగు తళుక్కున మెరసి బొమ్మ రంగును మింగివేయును. కిటికీకి పలుచని తెల్ల పంచె కట్టి ఎండను మెత్తపరచి, నీడవైపున తెల్లని అట్టను నిలిపినచో రంగు తేరుకొనును. ఇచట చోటు చాలకుండుట లోపము కాదు. కిటికీ యొక్కటే యగుటచే వెలుగు ఒక్క దిక్కునుండి వచ్చి వస్తువు గుండ్రదనమును తెలుపును; బల్ల చిన్నదగుటచే అనవసరమైనవి తమంత తామే తొలగును. ఎంతో ధనము వెచ్చించి కట్టిన స్టూడియో కృత్రిమముగ సాధింపజూచుచున్నది ఈ రెండింటినే.