విరిగిన కాలికి మూడు గండములు

మోకాలికి, చీలమండకు నడుమనున్న పెద్ద ఎముక జంఘాస్థి. దానికి లోపలి ముందువైపున కండ లేదు. పలుచని చర్మమే కప్పు. కావున అది విరిగినప్పుడు తరచు చర్మమును చీల్చుకొని బయట పడును. ఆ గాయము చీము పట్టినచో కాలు తీసివేయుటయే పూర్వపు వైద్యము.

1865లో గ్లాస్గో నగరమున బండిచక్రము క్రిందపడి కాలు విరిగిన పదునొకండేండ్ల బాలునికి లిస్టర్ కార్బాలిక్ ఆమ్లపు కట్టు కట్టెను. ఆరు వారములలో ఎముక అతికెను. చీమునకు విరుగుడు దొరికినది.

రెండవ గండము నొప్పి. క్లోరోఫాం మత్తు ప్రాణాపాయమా యని తేల్చుటకు 1888, 1889లలో హైదరాబాదున రెండు పరిశోధక సంఘములు ఏర్పడినవి. సైదాబాదుకు కొద్ది దూరమున నున్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి వైద్యుడు ఎడ్వర్డ్ లారీ దీనికి పూనుకొనెను. శ్వాసను కనిపెట్టియున్న చాలునని వారు తీర్పు చెప్పిరి. గుండెయే హఠాత్తుగా ఆగవచ్చునని 1911లో లీవీ నిరూపించెను.

మూడవది విరిగిన ఎముక కదలకుండుట. 1940 ప్రాంతమున కుంట్షర్ ఎముక గుల్లలోనికి లోహపు కడ్డీ దింపెను. 1950 తరువాత సైబీరియాలో ఇలిజారోవ్ కాలి చుట్టును ఉక్కు వలయములు బిగించెను. ఏది మేలు? 2022లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశోధనలో సుమారు 250 మంది రోగులను చీటీలు వేసినట్లు విభజించి చూచిరి. ఏడాదిలో పెద్ద చిక్కులు వచ్చినవారు వలయముల వర్గమున నూటికి 62, లోపల కడ్డీగాని పలకగాని అమర్చిన వర్గమున 44. లోతున చీము పట్టుటలో మాత్రము స్పష్టమైన భేదము కానరాలేదు.

కనుక పద్ధతి ఏదైనను, గాయమును వెంటనే శుభ్రపరచుటయే నేటికిని మొదటి మెట్టు.