నూరడుగుల రీలు: పుట్టుపూర్వోత్తరములు

సెల్యులాయిడు ఫిల్ముపై లఘుచిత్ర మొకటి తీయ సంకల్పించి, తొలిసారిగ 16 మి.మీ. కెమెరాను చేతబట్టిన అభ్యాసికి గురువు బోధించు నియమములు, అనగా ముడిఫిల్మునకు వెలుగు సోకనీయరాదనియు, గేటునకు పైనను క్రిందను ఫిల్మును కొంత వదులుగ విడువవలెననియు, మీటరుతో కాంతిని కొలువక మీట నొక్కరాదనియు, రిహార్సలు లేక రీలు నడపరాదనియు చెప్పునవన్నియు, వట్టి ఆచారములుగ తోచవచ్చును. కాని వానిలో ప్రతియొక్కటియు ఒకానొక మనుష్యుని పరిశ్రమమునుండియో, ఒకానొక ద్రవ్యస్వభావమునుండియో జనించినదే. ఆ జన్మకారణము నెరిగినవాడు నియమమును మరువడు. కావున యంత్రముకంటె ముందు దాని చరిత్రమును బోధించుటయే యుక్తమని నా విశ్వాసము.

ఈ చరిత్రము బిలియర్డు బంతితో నారంభమగుచున్నది. ఏనుగుదంతము ప్రియమై దుర్లభమగుచున్న కాలమున, దానికి బదులు వేరొక ద్రవ్యమును కనుగొనబూని, అమెరికాలోని ఆల్బనీ నగరమున జాన్ వెస్లీ హయట్ అను ముద్రాపకుడు నైట్రోసెల్యులోజును కర్పూరముతో మేళవించి, 1870 ప్రాంతమున సెల్యులాయిడును సిద్ధపరచెను. దువ్వెనలకును కట్టుడుపండ్లకును ఉపకరించిన ఆ పదార్థమును పారదర్శకమైన పలుచని పొరగ మార్చి, దానిపై ఛాయాచిత్రముల నిలుపుటకు ప్రయత్నించినవాడు నెవార్కు నగరవాసియగు హానిబాల్ గుడ్విన్ అను క్రైస్తవ మతాచార్యుడు. గాజుపలకలు బరువైనవి, పగులునవి. వాని నుండి విముక్తి కలిగింపవలెనని ఆయన తన యింటనే ప్రయోగములు సల్పి, 1887లో పేటెంటునకు దరఖాస్తు పెట్టుకొనెను. పేటెంటు చేతికందుటకు 1898 వరకు పట్టెను. ఈలోపుగ, 1889 నుండియే, జార్జి ఈస్ట్‌మన్ సంస్థ పారదర్శక ఫిల్మును విపణిలో విక్రయింపసాగెను. గుడ్విన్ 1900లో మరణించెను. న్యాయస్థానము 1914లో ఆయన హక్కునే నిలిపినందున ఈస్ట్‌మన్ కొడక్ సంస్థ 50 లక్షల డాలర్ల పరిహారమును చెల్లింపవలసివచ్చెనుగాని, ఆ తీర్పును వినుటకు ఆయన లేడు. ముడిఫిల్ము డబ్బా తెరచునపుడు స్మరింపదగిన మొదటి పేరు గుడ్విన్‌దే యని నే ననుకొందును.

ఎడిసన్ ప్రయోగశాలలో డబ్ల్యు. కె. ఎల్. డిక్సన్, 70 మి.మీ. వెడల్పు గల ఫిల్మును నిలువున రెండుగ చీల్చి, చిత్ర మొక్కింటికి ఇరుప్రక్కలను నాలుగేసి రంధ్రములను తొలిపించెను. 35 మి.మీ. కొలత అట్లు స్థిరపడినది. రంధ్రమునందు గోరు తగిలించి ఫిల్మును లాగుట, క్షణమాత్రము నిలుపుట, నిలిచిన ఆ క్షణముననే వెలుగు పడనిచ్చుట, కదలునపుడు షట్టరుతో వెలుగును మూయుట: సినిమా కెమెరా రహస్య మంతయు నింతే. అయితే పండ్లచక్రములపై ఫిల్ము ఎడతెగక సాగుచుండును. గేటులో మాత్రము ఆగి యాగి నడచును. ఈ రెండు గతులకును పొత్తు కుదుర్చునది నడుమ వదలిన చుట్టు. దీనిని 1895లో తొలుదొల్త ప్రయోగమున పెట్టినవారు వుడ్‌విల్ లేథమ్ బృందమువారు కనుక, నేటికిని దానికి లేథమ్ పేరే నిలిచియున్నది. చుట్టు చిన్నదైనచో ఫిల్ము తెగును, లేదా బొమ్మ వణకును. అభ్యాసి పనికిరాని ఫిల్ముముక్కతో పట్టపగలు పలుమారు దానిని అమర్చి నేర్చుకొనవలెననుటకు హేతు విదియే.

మనదేశమున ఈ విద్య లఘుచిత్రముతోనే వేరూనినదనుట నాకు మిక్కిలి ఆనందదాయకము. ధుండిరాజ్ గోవింద్ ఫాల్కే 1912లో లండనుకు పోయి, సెసిల్ హెప్‌వర్త్ స్టూడియోలో పనిపాటలను పరిశీలించి, విలియమ్సన్ కెమెరాతో తిరిగివచ్చెను. ఋణదాతలకు నమ్మకము కలిగించుటకై ఆయన కుండీలో నాటిన బఠాణీగింజ మొలకెత్తి తీగ సాగుటను దినదినమును కొలదికొలదిగ చిత్రించెను. నటులు లేరు, సంభాషణ లేదు, కాలమే కథ. ఆనాడు ముడిఫిల్ము రంధ్రములు లేకయే వచ్చుచుండెడిది. ఇంటి చాకిరి ముగిసిన పిదప, చీకటిలో చేతితో తడవుచు వానిని తొలిచినది ఆయన ధర్మపత్ని సరస్వతీబాయి. 1913లో వెలువడిన ‘రాజా హరిశ్చంద్ర’ వెనుక ఆమె వ్రేళ్ల శ్రమ కలదు. తెలుగువారిలో మచిలీపట్నమునకు చెందిన రఘుపతి వెంకయ్య, మద్రాసున ఛాయాచిత్రకారుడై, తన కుమారుడు ప్రకాశును ఈ విద్యకై విదేశములకు పంపెను. అతడు మరలివచ్చి 1921లో ‘భీష్మప్రతిజ్ఞ’ను తీసెను.

ఇంతవరకు ఫిల్ము ధనికులకును సాహసికులకును మాత్రమే అందినది, పైపెచ్చు ప్రాణాంతకము. నైట్రోసెల్యులోజుతో చేసిన ఆ నైట్రేటు ఫిల్ము మండునపుడు ప్రాణవాయువును తానే పుట్టించుకొనును గనుక నీటితో ఆరదు. గృహస్థుల చేతికి అట్టి వస్తువు నీయరాదని కొడక్‌వారు 1923లో మంట నంత సులువుగ అందుకొనని ఎసిటేటు పొరపై 16 మి.మీ. ఫిల్మును వెలువరించిరి. కొలత 17.5 కాక 16 అగుటలోను వివేకము కలదు: అగ్నిప్రమాదకరమైన 35 మి.మీ. నైట్రేటును ఎవ్వరును సగముగ చీల్చి అందు వాడకుండుటకే ఆ యేర్పాటు. అప్పటినుండి విద్యార్థులకు ఈ కొలతయే అక్షరాభ్యాసపు పలక. 1935లో స్విట్జర్లాండునందలి పైలార్డు సంస్థ వెలువరించిన బోలెక్స్ హెచ్-16 కెమెరాకు విద్యుత్తు అక్కరలేదు. తాళము త్రిప్పి స్ప్రింగు బిగించిన చాలును. ఒక్క బిగింపునకు అరనిమిషము లోపే నడచును గనుక షాటు ఎచ్చట మొదలై యెచ్చట ముగియవలెనో ముందే నిశ్చయించుకొనక తప్పదు.

కాంతిని కొలుచుట ఏల? శబ్దచిత్రములు వచ్చిన పిదప సెకనుకు 24 చిత్రముల వేగము స్థిరపడినది. షట్టరు తెరచియుండు కాలము అందువలన సుమారు సెకనులో 50వ వంతుగ నిలిచిపోయినది. డబ్బాపై ముద్రించిన ఫిల్మువేగమును మార్చుట మనవశము కాదు. ఇక చేతిలో మిగిలినది కటకద్వార మొక్కటియే. మీటరు చెప్పు అంకెకు దానిని త్రిప్పుటయే ఎక్స్‌పోజరు విద్య. నల్లని అంచులు గల నూరడుగుల స్పూలును నీడపట్టున కెమెరాలో నెక్కింపవచ్చును. మొదటి కొన్ని యడుగులు వెలుగు తగిలి చెడునని ముందే లెక్కలో వేసికొని వానిని నడపివేయుదురు. నాలుగువందల యడుగుల రీలునకు మాత్రము చేతులు దూర్చు నల్లసంచి కావలెను.

16 మి.మీ. అడుగునకు 40 చిత్రములు, నూరడుగులకు 4,000, అనగా 2 నిమిషముల 46 సెకనులు. పది నిమిషముల చిత్రమునకు 360 అడుగులు చాలునుగాని, షాటునకు మూడు టేకుల చొప్పున నియమించుకొన్నచో 1,080 అడుగులు, పదునొకండు రీళ్లు, కావలసివచ్చును. ఈ లెక్క వ్రాసికొని, షాటుల పట్టికను దాని ప్రక్క నుంచి, ఏ షాటు ఒక్క టేకుతో తీరునో, దేనికి నాలుగు విడువవలెనో నటులతో రిహార్సలు చేయించి నిర్ణయించిన పిమ్మటనే ముడిఫిల్ము కొనుటకు బయలుదేరవలెను.