సంగారెడ్డి సంకర ఫలాలు: తోటలో గెలిచినా గుజ్జు కర్మాగారంలో పరీక్షే

శేరిలింగంపల్లి: మాదాపూర్, గచ్చిబౌలి కార్యాలయాల నడుమ పండ్ల రసాల దుకాణాలకు కొదవ లేదు. అక్కడ మామిడి, జామ రసం తాగేవారిలో ఎక్కువ మందికి ముంబయి రహదారిపై పటాన్‌చెరు దాటాక వచ్చే సంగారెడ్డి ఫల పరిశోధన స్థానం గురించి తెలియదు. ‘మంజీర’ మామిడి పుట్టింది అక్కడే.

రుమానీ, నీలం రకాలను సంకరపరచి మంజీరను రూపొందించారు. చెట్టు పొట్టిగా ఉంటుంది, ఏటా కాస్తుంది. కండ గట్టిగా, పీచు లేకుండా ఉంటుంది. మన మామిడి రకాల్లో అనేకం ఏడాది విడిచి ఏడాది కాస్తాయి. ఏటా కాసే గుణం నీలంలో ఉన్నందునే శాస్త్రవేత్తలు దానిని పదేపదే ఎంచుకున్నారు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ విడుదల చేసిన మల్లిక, ఆమ్రపాలి రకాలు కూడా నీలం, దశేరి సంతతే. పాత పద్ధతిలో ఎకరాకు 40 మామిడి చెట్లు పడితే, ఆమ్రపాలిని రెండున్నర మీటర్ల ఎడంతో 640 వరకు నాటవచ్చు.

మామిడిలో కొత్త రకం తీసుకురావడం ఓపిక పరీక్ష. ఒక్కో పూగుత్తిలో వేల పూలున్నా కాయలుగా నిలిచేవి బహు స్వల్పం. కాయకు ఒకటే టెంక. ఆ మొలక కాపుకు రావడానికే ఏళ్లు పడుతుంది. అప్పటికి గాని రుచి తెలియదు.

జామలో పని కొంత సులువు. పండుకు వందల గింజలు, రెండు మూడేళ్లలో కాపు. జహీరాబాద్ సమీపంలోని కోహీర్ జామను అలహాబాద్ సఫేదాతో కలిపి సంగారెడ్డిలోనే ‘సఫేద్ జామ్’, ‘కోహీర్ సఫేదా’ రకాలు తీశారు. కాయ పెద్దది, గింజలు తక్కువ, మెత్తన. రసానికి ఎర్ర కండ కోరేవారికి బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ‘అర్క కిరణ్’ అందించింది.

అసలు చిక్కు అమ్మకంలో ఉంది. తినడానికి బంగినపల్లి, గుజ్జుకు తోతాపురి అన్నది వ్యాపారుల లెక్క. కోస్తాలో కలెక్టర్‌గా పిలిచే తోతాపురి రుచిలో బంగినపల్లికి సాటి రాదు. అయినా దిగుబడి ఎక్కువ, ధర తక్కువ. కర్మాగారానికి కావలసింది ఒకే రకం సరకు, లారీల కొద్దీ. నాలుగెకరాల మంజీర తోటతో ఆ అవసరం తీరదు. కనుక కొత్త రకం వేయదలచిన రైతులు ఊరంతా కలిసి ఒకే రకం నాటడం, కొనుగోలుదారుతో ముందే మాట్లాడుకోవడం మేలు. తరువాత మనసు మార్చుకుంటే చెట్టును పైన నరికి, వచ్చిన చిగుళ్లపై వేరే రకం అంటు కట్టాలి. మళ్లీ కాపు అందేదాకా కొన్నేళ్ల ఆదాయం వదులుకోవలసిందే.