డ్యూటీ దిగి మైదానానికి

2011 జూలై 9న జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో మహిళల ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్. 2003, 2007ల్లో కప్పు గెలిచిన జర్మనీ సొంత గడ్డ మీద ఆడుతోంది. ఎదురుగా జపాన్. తొంభై నిమిషాలూ గోల్ లేదు. అదనపు సమయంలో, 108వ నిమిషాన, హొమారె సావా పంపిన బంతిని అందుకుని కరీనా మరుయామా గోల్ కొట్టింది. సగం ఆట అయ్యాక సబ్‌స్టిట్యూట్‌గా దిగిన ఫార్వర్డ్ ఆమె. ఆ ఒక్క గోల్‌తో జర్మనీ ఇంటిదారి పట్టింది. ఎనిమిది రోజుల తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్‌లో అమెరికాను పెనాల్టీల్లో ఓడించి జపాన్ ప్రపంచకప్ గెలిచింది.

ఆ గోల్ కంటే ఆమె ఉద్యోగం నన్ను ఎక్కువ కదిలించింది. మరుయామా 2009 వరకు ఆడింది టెప్కో మరీజె అనే జట్టుకి. టెప్కో అంటే టోక్యో విద్యుత్ సంస్థ. ఆమె డ్యూటీ ఫుకుషిమా దాయిచి అణు విద్యుత్ కేంద్రం ఆఫీసులో. పని ముగించుకుని ప్రాక్టీసుకు వెళ్ళేది. ఆ జీతంతో బతుకుతూనే బీజింగ్ ఒలింపిక్స్ ఆడింది.

భిలాయిలో పుట్టి, అక్కడి ఉక్కు ప్లాంటులోనే పనిచేసి రిటైరైన నాకు ఇందులో కొత్తేమీ కనిపించలేదు. మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి కోక్ ఓవెన్స్‌లో చేరినప్పటికి, రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించి (1959 ఫిబ్రవరి 4) ఎన్నాళ్ళో కాలేదు. ప్లాంటు మాకు క్వార్టరిచ్చింది, ఆసుపత్రి ఇచ్చింది, బడి ఇచ్చింది, గ్రౌండూ ఇచ్చింది. ఖుర్సీపార్‌లో, సెక్టార్లలో తెలుగు ఇళ్ళల్లో "ఆడుకుంటే అన్నం పెడుతుందా?" అని పిల్లల్ని గద్దించేవాళ్ళు తక్కువ. ఆట వస్తే ఉద్యోగం వస్తుందని అందరికీ తెలుసు. అయితే ఆ నమ్మకం మగపిల్లల వరకే.

ఆడపిల్లలకు ఆ దారి తెరిచింది బాస్కెట్‌బాల్. కోచ్ రాజేశ్ పటేల్ భిలాయిలో ఎక్కడెక్కడి అమ్మాయిలనో చేరదీసి, తిండీ బసా చూసి, ఛత్తీస్‌గఢ్ జట్టును ఏళ్ళ తరబడి జాతీయ పోటీల్లో గెలిపించారు. అంజూ లక్రా, సీమా సింగ్ లాంటివాళ్ళు ఇక్కడి నుంచే భారత జట్టుకు వెళ్ళారు. 2018లో ఆయన పోయినప్పుడు ఊరు సొంత మనిషిని పోగొట్టుకున్నట్టు బాధపడింది. ఆయన అమ్మాయిల్లో చాలామందికి ఉద్యోగమిచ్చింది మాత్రం రైల్వే. ఫుట్‌బాల్‌లో అలాంటి మనిషి భిలాయి ఆడపిల్లలకు దొరకలేదు.

దేశానికీ ఇదే జరిగింది. మహిళల ఫుట్‌బాల్‌లో ఒకప్పుడు మనమే జపాన్ కంటే ముందున్నామంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. 1980లో కాలికట్‌లో జరిగిన ఆసియా పోటీల ఫైనల్ మన జట్టు ఆడింది. జపాన్ అమ్మాయిలు మొదటి అంతర్జాతీయ మ్యాచ్ ఆడిందే 1981 జూన్‌లో, హాంకాంగ్‌లో జరిగిన ఆసియా పోటీల్లో. తైవాన్ చేతిలో ఓడిపోయారు. ఆ పోటీలోనే భారత్ మూడో స్థానం తెచ్చుకుంది. 1983లో మళ్ళీ రన్నరప్. ఆ ఏడే మన జట్టు ఆటగత్తె శాంతి మల్లిక్‌కు అర్జున అవార్డు వచ్చింది.

ఆ తర్వాత జపాన్ ఏం చేసింది? 1989లో మహిళల లీగ్ పెట్టింది. కంపెనీలు జట్లు నడిపాయి. ముత్యాల వ్యాపారం చేసే తసాకి, సెక్యూరిటీల సంస్థ నిక్కో, హ్యామ్ తయారుచేసే ప్రీమా. మరీజె కూడా మొదట జిప్పులు చేసే వైకేకే జట్టే, తర్వాత విద్యుత్ సంస్థ తీసుకుంది. కంపెనీలు కష్టాల్లో పడితే జట్లు మూతపడేవి, అదీ నిజమే. 2011 మార్చి సునామీలో అణు కేంద్రం దెబ్బతిన్నాక మరీజె ఆగిపోయింది. వాళ్ళు ప్రాక్టీసు చేసిన జె-విలేజ్ మైదానాలు ప్రమాదాన్ని అదుపు చేసే సిబ్బందికి స్థావరమయ్యాయి. ఆటగత్తెలను మరుసటి ఏడాది సెండాయ్‌లోని వెగాల్టా క్లబ్ తీసుకుంది. ఒక గూడు కూలితే ఇంకో గూడు దొరికేంతగా అప్పటికే అక్కడ ఆట వేళ్ళూనుకుంది. మరుయామా జర్మనీపై గోల్ కొట్టింది ఆ ప్రమాదం జరిగిన నాలుగు నెలలకే. ఆమె పనిచేసిన ఊరి జనం అప్పటికింకా ఇళ్ళకు దూరంగా ఉన్నారు.

మన దగ్గర ఫార్వర్డ్‌లు లేక కాదు. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్‌కు ఆడటానికి వెళ్ళింది, తర్వాత ఈస్ట్ బెంగాల్ తరఫున మెరిసి 2025లో దేశపు ఉత్తమ క్రీడాకారిణి అవార్డు అందుకుంది. భిలాయికి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరా గనులున్న బాలోద్ జిల్లా పిల్ల కిరణ్ పిస్దా భారత జట్టుకు ఆడింది. ఆ పిల్లకు క్లబ్ ఆట దొరికింది ఇక్కడ కాదు, కేరళలో. మా ప్లాంటును నడిపే సెయిల్‌కు బొకారోలో ఫుట్‌బాల్ అకాడమీ ఉంది, అది మగపిల్లలది. భిలాయిలో అథ్లెటిక్స్ అకాడమీ ఉంది.

ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు ఒకటి భిలాయి పెట్టాలి. గ్రౌండ్లు కొత్తగా కట్టక్కర్లేదు, పంత్ స్టేడియం ఉంది, సెక్టార్లలో మైదానాలున్నాయి. పదిహేనేళ్ళ పిల్లకు శిక్షణ, పద్దెనిమిది దాటాక జనరల్ షిఫ్టులో ఓ ఉద్యోగం, మధ్యాహ్నం నుంచి ప్రాక్టీసు. యూనియన్ ఎన్నికలప్పుడు ఓట్లడగడానికి మన గుమ్మాల్లోకి వచ్చే నాయకుల్ని తెలుగువాళ్ళం ఈసారి ఈ ఒక్కటీ అడుగుదాం.