మోటుపల్లి: ఓడ విరిగినవాడికి రాజు ఇచ్చిన మాట

తుఫానుకు దారితప్పిన ఓడ పరాయి ఒడ్డుకు కొట్టుకొచ్చి విరిగిపోతే, అందులో మిగిలిన సరుకంతా ఆ ఒడ్డును ఏలే రాజుదే. మధ్యయుగంలో మన తూర్పు తీరంలో సాగిన ఆచారం ఇది. యూరప్ తీరాల్లోనూ చాలాచోట్ల ఇదే నడిచింది. ప్రాణాలతో బయటపడ్డ వర్తకుడు తన బంగారం, తన ముత్యాలు రాజభటులు మోసుకుపోతుంటే చూస్తూ నిలబడాల్సిందే.

కాకతీయ గణపతిదేవుడు ఈ ఆచారానికి స్వస్తి పలికాడు. బాపట్ల జిల్లా చినగంజాం మండలం మోటుపల్లిలో, వీరభద్రస్వామి గుడి మండపం స్తంభం మీద ఆ అభయశాసనం ఉంది. శక సంవత్సరం 1166, అంటే 1244-45 నాటిది. ద్వీపాల నుంచి, దూరదేశాల నుంచి వచ్చే వర్తకులందరినీ ఉద్దేశించి చెక్కించాడు. వెనకటి రాజులు విరిగిన ఓడల్లోని ఏనుగులను, గుర్రాలను, రత్నాలను బలవంతంగా తీసుకునేవారని దాపరికం లేకుండా అందులో చెప్పాడు. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రానికి ఎదురెళ్లే మనుషులు వీళ్లు, వీళ్ల దగ్గర న్యాయమైన సుంకం తప్ప మరేమీ పుచ్చుకోం అన్నాడు. ఆ సుంకం ఎంతో కూడా అక్కడే రాయించాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పయ్యో వంతు. తెలుగు నేల మీద ఇంతకన్నా గొప్ప ప్రభుత్వ ప్రకటన మరొకటి నాకు కనబడలేదు.

దయతో పాటు అవసరమూ ఉంది. కాకతీయుల రాజధాని ఓరుగల్లు సముద్రానికి చాలా దూరం. సైన్యానికి మేలుజాతి గుర్రాలు ఓడల మీదే రావాలి. గణపతిదేవుడు వెలనాడును జయించి, దివిసీమ పాలకుల ఆడపడుచులు నారాంబ, పేరాంబలను పెళ్లాడి తీరం మీద పట్టు సంపాదించాడు. తీరం చేతికొచ్చినంత మాత్రాన ఓడలు రావు. ఇక్కడికొస్తే దోపిడీ ఉండదన్న నమ్మకం నావికుల్లో కలగాలి.

శాసనంలోని సరుకుల పట్టీ చదువుతుంటే నాకు హైదరాబాద్‌లోని మా పంజాగుట్ట గుర్తుకొస్తుంది. గంధం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, పగడాలు, దంతం, పట్టు, రాగి, సీసం, మిరియాలు, పోకచెక్కలు... వీటికి విడివిడిగా సుంకాల లెక్కలు. పంజాగుట్ట చౌరస్తా నుంచి అమీర్‌పేట దాకా నడిస్తే నగల దుకాణాల అద్దాల వెనక ముత్యాలు, పగడాలు, వాటి పక్కనే పట్టుచీరలు కనిపిస్తాయి. ఎనిమిది వందల ఏళ్ల నాటి ఓడల సరుకులో సగం ఈ ఒక్క రోడ్డు మీద దొరుకుతుంది. రాయి మీది అక్షరాలకు, ఇవాళ్టి పెళ్లి బజారుకు అంత దగ్గరి చుట్టరికం ఉంది.

గణపతిదేవుడి కాలంలోనే భూమికి ఆ చివర, నార్వేలోని బెర్గెన్ రేవులో మరో రాజు ఇలాంటి పనిలోనే ఉన్నాడు. నాలుగో హోకాన్ 1250లో జర్మన్ వర్తక నగరం ల్యూబెక్‌తో ఒప్పందం చేసుకున్నాడు. రేవు ఒడ్డున ఆయన కట్టించిన రాతి కొలువుశాల 1261లో కొడుకు పెళ్లికి సిద్ధమైంది. అది ఈనాటికీ నిలిచి ఉంది. గణపతిదేవుడి పాలన 1262 ప్రాంతంలో ముగిసింది, 1263లో హోకాన్ కన్నుమూశాడు. ఒకరి పేరు ఒకరు విని ఉండరు. బెర్గెన్‌లో ఎండుచేప, మోటుపల్లిలో నూలుబట్ట. సరుకు వేరైనా పరాయివాణ్ని నమ్మించి నిలుపుకోవాలన్న ఆలోచన ఒక్కటే.

బెర్గెన్ రేవులోని చెక్క ఇళ్ల వరుస బ్రిగ్గెన్ ఎన్నోసార్లు కాలింది. 1702లో ఊరే తగలబడింది. అయినా పాత తీరులోనే మళ్లీ కట్టుకున్నారు. 1955లో కొంత భాగం కాలినప్పుడు ఆ ఖాళీ జాగాను వెంటనే తవ్వడం మొదలుపెట్టారు. రూనిక్ లిపిలో గీసిన 600కు పైగా రాతలు బయటపడ్డాయి, ఎక్కువగా చెక్కముక్కల మీదే. కొన్ని మూటలకు కట్టిన యజమానుల పేర్ల చీటీలు. ఒకటి మాత్రం ఎవరినో ఇంటికి రమ్మని ఒక ఆడమనిషి పంపిన కబురు. 1976లో వాటికోసం మ్యూజియం తెరిచారు. 1979లో బ్రిగ్గెన్ యునెస్కో జాబితాకెక్కింది.

మోటుపల్లి కథ శాసనంతో ఆగలేదు. పదమూడో శతాబ్దం చివర్లో మార్కో పోలో వర్ణించిన ముత్ఫిలి రాజ్యం ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. భర్త పోయాక రాజ్యాన్ని న్యాయంగా నడిపిన రాణి గురించి, వజ్రాల గురించి, సాలెగూడంత సన్నని నూలుబట్టల గురించి ఆయన చెప్పాడు. ఆ రాణిని మనం రుద్రమదేవిగా పోల్చుకుంటాం. మన నేతగాళ్ల పనితనం అలా వెనీసు దాకా పాకింది.

కాకతీయులు పోయాక కొండవీటి రెడ్డిరాజు అనపోతారెడ్డి 1358లో ఇక్కడే మరో శాసనం వేయించాడు. తెలుగుతో పాటు తమిళంలోనూ రాయించాడు, వచ్చే వర్తకులకు అర్థం కావాలి కదా. ఇక్కడ స్థిరపడేవారికి భూమి ఇస్తామన్నాడు, వెళ్లిపోతామంటే ఆపం అన్నాడు. కొడుకులు లేకుండా చనిపోయినవారి ఆస్తిని రాజు తీసుకునే పద్ధతిని మానేశాడు. పరదేశంలో చనిపోయే మనిషికి ఆ ఒక్క హామీ ఎంత ధైర్యమో! శ్రీనాథుడి హరవిలాసం అంకితం పుచ్చుకున్న అవచి తిప్పయసెట్టి ఈ రెడ్డిరాజుల కాలపు వర్తకుడే.

ఇప్పుడు మోటుపల్లి చిన్న పల్లె. చుట్టుపక్కల చినగంజాం ఉప్పుమడులు. ఈ నేలలో చైనా పింగాణీ పెంకులు దొరికాయి. నేల కింద ఇంకా ఎంతో ఉంటుందని నా గట్టి నమ్మకం. చీరాలకో ఒంగోలుకో రైల్లో వెళ్లేవాళ్లు ఒక పూట ఇక్కడికి రండి, పిల్లల్ని కూడా తీసుకురండి. రెండు శాసనాల పాఠమూ, పదో తరగతి పిల్లవాడు చదివి అర్థం చేసుకోగలిగిన వాడుక తెలుగులో, ఆ స్తంభం పక్కనే పెద్ద అక్షరాలతో ఉండాలి. బెర్గెన్‌లాగా పరిశోధకుల పలుగులు, పారలు ఏళ్ల తరబడి ఆగకుండా పనిచేయాలి. పురావస్తు శాఖను ఇది కోరే హక్కు మనందరికీ ఉంది.