వాసా బాట

స్వీడను దేశమున డాలర్నా అను మండలము కలదు. దేవదారు అడవులు, సరస్సులు, కొండ దిగువ పల్లెలు, ఇదియే దాని స్వరూపము. ఏటేట మార్చి నెల మొదటి ఆదివారమున ఉదయము 8 గంటలకు, ఆ మండలములోని సేలెన్ గ్రామము చెంత మంచుమైదానము నుండి పదునైదు వేలకు పైబడిన జనము ఒక్కమారుగా కదలుదురు. ప్రతివారి పాదములకును స్కీలు, అనగా మంచుపై జారిపోవుటకు కట్టుకొను సన్నని పొడవైన పలకలు. చేతులలో రెండు ఊతకోలలు. వారు చేరవలసినది మోరా పట్టణము. నడుమ దూరము 90 కిలోమీటర్లు. ఏలూరు నుండి రాజమహేంద్రవరమునకు రైలుదారి ఎంత యుండునో ఇంచుమించు అంత. దీని పేరు వాసాలోపెత్, అనగా వాసా పరుగు.

వడగాడ్పులలో పుట్టి పెరిగిన మనకు ఈ మంచు పందెముతో ఏమి పని యని శ్రోతలు అడుగవచ్చును. ఎవరు గెలిచిరన్నది మాకును అంత ముఖ్యము కాదు. ఒక జాతి తన చరిత్రలోని ఒక్క ఘట్టమును ఏటేట కాళ్ళతో తిరిగి చదువుకొనుచున్నదే, అది మమ్ము ఆకర్షించినది. పైగా ఆ చదువులో కొన్ని పుటలు తరచుగా దాటవేయబడుచున్నవి. వానిని గూడ ఈనాడు విప్పి చూడవలెనని మా కోరిక.

కథ 1520 నాటిది. అప్పుడు డెన్మార్కు, నార్వే, స్వీడను మూడును ఒకే కిరీటము క్రింద నుండవలెనని ఏర్పాటు. స్వీడనులో చాలమందికి అది గిట్టలేదు. డెన్మార్కు రాజగు రెండవ క్రిస్టియన్ సైన్యముతో వచ్చి స్టాక్‌హోమును లొంగదీసికొని, పట్టాభిషేకపు విందులు ముగిసిన వెంటనే, నవంబరు 8, 9 తేదీలలో తన ప్రతిపక్షులను పట్టి నగరపు అంగడివీధిలో తలలు నరికించెను. ప్రభువులు, బిషప్పులు, పౌరులు సుమారు ఎనుబదిమందికి పైగా ఆ కత్తికి బలియైరి. వారిలో ఎరిక్ యోహాన్సన్ అను ప్రభువొకడు. అతని కుమారుడు గుస్తావ్ అంతకు పూర్వమే డెన్మార్కులో బందీగా నుండి తప్పించుకొని వచ్చినవాడు, వయస్సు ఇరువదినాలుగు. తండ్రి చనిపోయెను, తల్లియు చెల్లెండ్రును చెరలో పడిరి. అతడు మారువేషముతో డాలర్నా చేరి, నాలుగు దినములు ఒక యింట, నాలుగు దినములు మరొక యింట తలదాచుకొనెను. రాంక్‌హ్యూట్టన్ అను చోట అండర్స్ పెర్షన్ అను గృహస్థు నొద్ద కూలివానివలె ధాన్యము నూర్చెనని చెప్పుదురు. ఈ పేరును శ్రోతలు గుర్తుంచుకొనవలెను.

క్రిస్మసు నాళ్ళలో గుస్తావ్ మోరా చేరి, గుడి యొద్ద గుమిగూడిన రైతులతో తిరుగుబాటు మాట ఎత్తెను. రైతులు వినిరి, కాని కదలలేదు. యుద్ధములతో విసిగినవారు, పైగా ఈ యువకుడెవ్వడో! అతడు నిరాశతో పడమరగా నార్వే సరిహద్దు వైపు వెడలిపోయెను. అతడు పోయిన పిమ్మట స్టాక్‌హోము ఘోరము ఆ పల్లెలకు తెలిసినది. క్రొత్త పన్నులు రానున్నవని గూడ వినబడినది. అప్పుడు రైతులకు తాము తరిమిన వాని విలువ తెలిసెను. లార్స్, ఎంగెల్‌బ్రెక్ట్ అను ఇరువురు నేర్పరులను స్కీలపై వెనుక పంపిరి. వారు సేలెన్ వద్ద అతనిని కలిసికొని మరలించిరి. 1521 జనవరిలో డాలర్నా రైతులు గుస్తావ్‌ను తమ నాయకునిగా ఎన్నుకొనిరి. 1523 జూన్ 6వ తేదీన అతడు స్వీడను రాజయ్యెను.

ఇందులో ఎంత నిజమో, ఎంత అలంకారమో? ఈ సాహసగాథలు చాలవరకు పేదర్ స్వార్ట్ అను బిషప్పు వ్రాసిన చరిత్ర వలన మనకు వచ్చినవి. ఆ చరిత్ర గుస్తావ్ ముదిమిలో, ఆయన కనుసన్నలలో పుట్టినది. రాజు తన యౌవనమును గూర్చి ఏమి చెప్పుకొనగోరెనో అదియే అందుండుటలో వింత లేదు. డాలర్నా రైతులు లేచిరి, గుస్తావ్‌ను నిలబెట్టిరి, ఇంతవరకు సందేహము లేదు. తక్కిన వివరములను గాథగా గ్రహించుట మేలు.

నాలుగు వందల యేండ్ల తరువాత, 1922 ఫిబ్రవరి 10వ తేదీన, వెస్టెరోస్ పట్టణమున పత్రిక నడపుచుండిన అండర్స్ పెర్స్ తన పత్రికలో ఒక సూచన చేసెను: ఆ ఇరువురి జ్ఞాపకార్థము సేలెన్, మోరాల నడుమ స్కీ పందెము పెట్టరాదా? 90 కిలోమీటర్లు మనుష్యుడు ఏకధాటిగా పోగలడా యని శంకించినవారును కలరు. అయినను మోరా క్రీడాసంఘము పూనుకొనినది. ఆరు వారములైనను గడువక మునుపే, మార్చి 19వ తేదీన, 119 మంది బారులు తీరిరి. గెలిచినవాడు ఆ ప్రాంతమువాడు కాడు; ఉత్తరమున నోర్షో నుండి వచ్చిన ఎర్న్‌స్ట్ ఆల్మ్, వయస్సు ఇరువదిరెండు. పట్టిన కాలము 7 గంటల 32 నిమిషముల 49 సెకండ్లు. 2021లో టూర్ట్ అస్లె యెర్దాలెన్ అను నార్వే దేశస్థుడు అదే దూరమును 3 గంటల 28 నిమిషముల 18 సెకండ్లలో ముగించెను. ఆల్మ్‌కు కొయ్య స్కీలు, పలుచని చాలు. ఈనాటివారికి తేలికయైన స్కీలు, యంత్రములు తీర్చిన రెండు నున్నని గాళ్ళు. కావున ఇరువురిలో ఎవరు మేటి యని తూచుటకు మాకు త్రాసు లేదు.

ఒక చిన్న విషయము గమనింపదగినది. దూతలు పోయినది మోరా నుండి సేలెనునకు. పందెము సాగునది సేలెను నుండి మోరాకు. అనగా వెదుకబోయిన దారి కాక, మరలివచ్చిన దారి. పేరు గూడ రాజుదే. పరుగెత్తినవారు లార్స్, ఎంగెల్‌బ్రెక్టులు; పేరు వాసాకు దక్కినది!

మా వృత్తికి సంబంధించిన ముచ్చట యొకటి. స్వీడనులో 1925లో జాతీయ రేడియో ప్రసారములు ఆరంభమైనవి. ఆ యేడే స్వెన్ యెర్రింగ్ అను ప్రయోక్త వాసా పరుగును శ్రోతలకు వినిపించెను. ఆట మైదానమున నైన వ్యాఖ్యాత కన్నులెదుట సమస్తమును జరుగును. అడవిలో 90 కిలోమీటర్ల పొడవున సాగు పందెమును ఒకచోట కూర్చున్నవాడు చూడగలుగునది ఏపాటి? చూడని దానిని చూచినట్లు చెప్పక, తెలిసినంతవరకే చెప్పి శ్రోతను పట్టియుంచుట ఎంత కష్టమో మైకు ముందు కూర్చున్నవారికే తెలియును. ఈ యెర్రింగే 1925 నుండి 1972 వరకు పిల్లల ఉత్తరముల కార్యక్రమమును నడిపి ఆ దేశపు బాలబాలికలకు ‘స్వెన్ మామయ్య’ అయినాడు. మన రేడియో అన్నయ్య న్యాపతి రాఘవరావుగారిని ఎరిగినవారికి ఈ బంధుత్వమేమిటో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక దాటవేసిన పుటలు. 1923లో మార్గిట్ నూర్దిన్ అను వ్యాయామోపాధ్యాయిని ఈ పందెమున పాల్గొని 10 గంటల 9 నిమిషములలో మోరా చేరెను. ఆమెకు జనులు జేజేలు పలికిరి. మరుసటి యేడే స్త్రీలకు ఇంత దూరము తగదని నిషేధము విధించిరి! గెలువలేక మధ్యలో విరమించిన పురుషులను చూచి పురుషులకు తగదని ఎవ్వరును అనలేదు. ఆ నిషేధము 1981 వరకు తొలగలేదు. ఈలోపల కొందరు స్త్రీలు మగవేషము వేసికొని పరుగెత్తిరి. మారువేషముతో తిరిగిన గుస్తావ్ బాట కదా, అందులకు వారిని తప్పుపట్టుట ఎట్లు?

రెండవ పుట ఇంతకంటె చేదు. గుస్తావ్ రాజయ్యెను, యుద్ధమునకు ల్యూబెక్ నగరము వలన తెచ్చిన అప్పు మిగిలెను. అప్పు తీర్చుటకై గుడికొక గంట చొప్పున ఇయ్యవలెనని ఆజ్ఞ పుట్టినది. గంట యనగా ఆ పల్లెవారికి గొంతు వంటిది. 1531లో డాలర్నా రైతులు తిరుగబడిరి. అంతకుముందు రెండు పర్యాయములు గూడ వారు ఇదే రాజుపై లేచియుండిరి. 1533లో రాజు సైన్యముతో వచ్చి నాయకులను చంపించెను. 1534లో స్టాక్‌హోమున శిరచ్ఛేదము పొందినవారిలో ఒకని పేరు అండర్స్ పెర్షన్, రాంక్‌హ్యూట్టన్ గృహస్థు. ధాన్యము నూర్చుటకు చోటిచ్చినవాడు అతడే.

పందెమున పాల్గొనువారిలో ఎందరు ఈ పేరును తలంచుకొందురో! వారి చింతలు వేరు. మొదలుననే నిట్రమైన ఎక్కుడు. వేలమంది ఇరుకున చిక్కి, ఒకరి కోలలు ఒకరివి విరుగుట మామూలు. స్కీల క్రింద పూసిన మైనము ఆనాటి చలికి సరిపడకున్నచో ముందుకు ఒక అడుగు, వెనుకకు ఒక జారుడు. స్మోగన్, మోంగ్స్‌బూదార్నా, రీస్‌బెరి, ఎవెర్ట్స్‌బెరి, ఇట్లు ఏడు మజిలీలు. మజిలీ మజిలీకి వేడివేడి బ్లూబెరీ పండ్ల జావ గిన్నెలతో అందింతురు. త్రాగినవారి గడ్డములు నీలివర్ణము దాల్చును. ప్రతి మజిలీకి ఒక గడువు. గడువు మీరినచో దారికడ్డముగా త్రాడు లాగుదురు. వెనుకనున్నవాడు నిన్నటి వరకు ఏడాది పొడవున సాధన చేసినవాడే కావచ్చును. త్రాడు దాటరాదు, బస్సెక్కవలెను. ముందుపోయినవారికి వేరొక లెక్క: గెలిచినవాని కాలమునకు అందులో సగము కలిపి, అంతలోపల చేరినవారికి పతకము.

మోరాలో గుడి చెంతనే గమ్యము. ఆ యూరిలోనే చిత్రకారుడు అండర్స్ జోర్న్ మలచిన గుస్తావ్ వాసా విగ్రహమును కలదు. ముందు చేరినవానికి ఒక కన్య పూలదండ వేయును, ఛాయాచిత్రములు తీయుదురు. ఆ తరువాత గంటలు గడచును. చీకటి పడిన పిమ్మట గూడ, మంచుపై దీపముల వెలుగులో, ఒక్కొక్కరుగా వచ్చుచునే యుందురు.